శనివారం కొళాయి

బాబాయి చివరి రోజు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది, స్నానాలగదిలో కొళాయి చప్పుడు. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను రాసి తెచ్చిన నాలుగు కాగితాలు తీసుకుని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలైంది. బకెట్ నిండింది, పొర్లింది, ఆ చప్పుడు మాత్రం ఆగలేదు.

ముందుగదిలో పిన్ని పత్రిక పేజీలు దిద్దుకుంటోంది. పక్కన ప్రింటరు గరగరలాడుతోంది.

"ఏవండీ! ట్యాంకు మనొక్కళ్ళదే కాదు, పక్కింటివాళ్ళది కూడా!" అని అరిచింది. నావైపు తిరిగి, "ఆవిరి పడితే గొంతు విచ్చుకుంటుందట. చన్నీళ్ళకి ఆవిరేమిటో, నా తలకాయ!" అంది.

ఇది మాకు కొత్త కాదు. ఆదివారం నలుగురిలో చదవబోయే రచనలన్నీ ఆయన ముందురోజు అలా నీళ్ళచప్పుడులో ఒకసారి చదువుకునేవారు. బస్టాండులో ముప్ఫై ఏళ్ళపాటు మైకు ముందు కూర్చున్న మనిషి కదా, గొంతు గురించి ఆయనకున్న చాదస్తాలు ఆయనకున్నాయని సరిపెట్టుకునేవాళ్ళం.

బయటికి వచ్చేసరికి ముఖం కడుక్కుని ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సబ్బు పడింది," అన్నారు నేను అడక్కముందే.

"బాబాయ్, ముందే చెప్తున్నా. ఇది కూడా తుస్సుమంటే ఇంక నవ్వించే రాతల జోలికి రాను. బుద్ధిగా వంటింటి చిట్కాలు రాసుకుంటా."

"నీ వంట తిన్నవాళ్ళు దానికే ఎక్కువ నవ్వుతారు."

"వేళాకోళం కాదు. ఎలా ఉందో ఒక్కముక్క ఇప్పుడే చెప్పొచ్చుగా?"

"రేపు చూద్దాం. అనౌన్సుమెంటు ముందే లీకైతే ప్రయాణికులు తోసుకుంటారు."

అంచులు తడిసిన కాగితాలని బల్లమీద పరిచి, ఎగిరిపోకుండా కత్తెర పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని పడకగదిలోకి వెళ్ళారు. సాయంత్రం పిన్ని టీ తీసుకెళ్ళి లేపింది. ఆయన లేవలేదు.

బాబాయి తన జీవితంలో ఒక్క వాక్యం రాయలేదు. రచయిత పిన్ని. అయినా మా ఊళ్ళో హాస్యం రాయాలని సరదాపడే ప్రతివాళ్ళూ ఏదో ఒకనాడు ఆయన ముందు కూర్చున్నవాళ్ళే. దానికి మూలం ఒక పొరపాటు.

పెళ్ళైన కొత్తల్లో పిన్ని బస్టాండు ప్రకటనలమీద తను రాసిన మొదటి వ్యంగ్యరచనని చుట్టాలందరికీ చదివి వినిపించింది. చేతులు తిప్పుతూ, గొంతులు మారుస్తూ, తనే ముందు నవ్వుతూ చదివింది. చుట్టాలు మర్యాదకి తలలూపి కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ కాగితాలు మర్నాడు బాబాయి సంచిలో బస్టాండుకి వెళ్ళాయి. ఏది చదివినా పైకి చదవడం ఆయన అలవాటు. మధ్యాహ్నం ఖాళీ దొరికి చదవడం మొదలుపెట్టారు. మైకు మీట వేసే ఉందన్న సంగతి చూసుకోలేదు.

"ప్రయాణికులకి మనవి. ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీద ఆగవలసిన బస్సు, మీ మొహాలు డ్రైవరుగారికి నచ్చనందున, ఆగకుండా వెళ్ళిపోయినది. కాస్త మంచి మొహాలతో తదుపరి బస్సు కొరకు వేచి ఉండగలరు."

రోజూ బస్సులు ఆలస్యమని చెప్పే గొంతే అది. సగంమంది నమ్మి, మూటాముల్లే సర్దుకుని ఏడో నంబరుకి పరుగెత్తారు. మిగతా సగం ఒక్క క్షణం ఆగి పడిపడి నవ్వారు. ఒక పెద్దాయన గాజుకిటికీ తట్టి, "మా మొహాలకేం వచ్చిందయ్యా?" అని నిలదీశాడు. పైఅధికారి రాతపూర్వకంగా చీవాట్లు పెట్టాడు. ఆ చీవాట్ల కాగితాన్ని పిన్ని చాలాకాలం, "నా రచనకి వచ్చిన మొదటి సమీక్ష," అంటూ అందరికీ చూపించేది.

చుట్టాలు నవ్వనిదానికి బస్టాండు నవ్విందేమిటని ఆయన ఆలోచనలో పడ్డారు. చివరికి తేల్చింది ఇదీ: చదివే మనిషి గొంతు రచనకి ఏ సాయమూ చెయ్యకూడదు. దాన్నిబట్టే మా ఆదివారం పద్ధతి ఏర్పడింది. ఎవరి రచన వాళ్ళు చదవకూడదు. అన్నీ బాబాయే, బస్సుల రాకపోకలు చెప్పినట్టు చదువుతారు. నవ్వు వస్తే అది రచనలో ఉన్నట్టు. రాకపోతే, ఎక్కడ రాలేదో అక్కడ పెన్సిలుతో చిన్న గీత. అంతే పాఠం.

గీతలకి అర్థం అడిగితే మాత్రం చెప్పేవారు. "ఇక్కడ నవ్వొస్తుందని ముందే చెప్పేశారు. వచ్చే స్టాపు పేరు ముందే అరిచేస్తే దిగేవాడికి కంగారు తప్ప ఏముంది?" ఆశ్చర్యార్థకాలు గుప్పించినవాళ్ళని, "బస్సు రెండు గంటలు లేటని నేనెప్పుడైనా ఏడుస్తూ చెప్పానా?" అని అడిగేవారు.

మా గుంపుకి ఒక పత్రిక కూడా ఉండేది. పేరు 'మూతిముడుపు'. మూణ్ణెల్లకోసారి పిన్ని ముద్రించి, మడిచి, పిన్నులు కొడితే, బాబాయి పట్టుకెళ్ళి బస్టాండు బల్లలమీద వదిలేసేవారు. వెనకట్ట మీద 'చదివి ఇక్కడే వదిలేయండి' అని ఉండేది. ఎవరూ వదిలేవాళ్ళు కాదు. "దొంగిలించారంటే బాగుందన్నమాట," అనేవారాయన. బల్లమీదే మిగిలిపోయిన ప్రతుల్ని తిరిగి తెచ్చి, ఏ పేజీ దగ్గర మడత పడిందో చూసి, ఆ రచయితని పక్కకి పిలిచి మాట్లాడేవారు. పెద్ద పత్రికలకి పంపేవాళ్ళకి, ఎవరు ఎలాంటివి వేసుకుంటారో, ఎంత పొడుగు ఉండాలో, తిప్పి పంపితే మళ్ళీ ఎన్నాళ్ళకి కదిలించాలో ఓపిగ్గా చెప్పేవారు.

ఆయన నవ్వు ఎరగని మనిషేం కాదు. పిన్నితో ఎకసెక్కాలాడేవారు, పిల్లలతో నవ్వేవారు. చేతిలోకి కాగితం వచ్చిందా, ముఖానికి తాళం పడేది. మా గుంపులో పళ్ళ డాక్టరొకాయన ఉండేవాడు. "ఎంతటివాళ్ళ చేతయినా నోరు తెరిపించడం నా వృత్తండీ. ఈయన దగ్గరే ఓడిపోయాను," అనేవాడు. నాకు మిగతావాళ్ళ నవ్వుమీద నమ్మకం ఉండేది కాదు. ఆ డాక్టరు కుర్చీ కిర్రుమన్నా నవ్వుతాడు. బాబాయి పెదవి చివర ఒక్కసారి కదిలితే చాలు, నాకు రాయడం వచ్చినట్టే అనుకున్నాను. ఆయన చదువుతున్నంతసేపూ నేను అందరినీ వదిలేసి ఆ పెదవినే చూసేదాన్ని. ఒక్కసారీ కదల్లేదు. ఆ శనివారం నేను పెట్టిన షరతు ఉత్త బెదిరింపు కాదు.

ఆయన పోయిన మర్నాడు ఆదివారం. అందరూ వచ్చి ఎప్పటి కుర్చీల్లోనే కూర్చున్నారు. బల్లమీద కత్తెర కింద నా కాగితాలు ఎండి వంకర తిరిగాయి. డాక్టరు వాటిని తీయబోయి, నా ముఖం చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాటిమీద ఒక్క పెన్సిలు గీత కూడా లేదు. ఆదివారం చదివేటప్పుడే కదా ఆయన గీసేది. నేను వాటిని ఇంటికి తెచ్చి బీరువాలో బట్టల అడుగున పెట్టాను. తర్వాతి సంచికకి ఏమైనా ఇస్తావా అని పిన్ని అడిగితే, "చెప్పేవాళ్ళు లేరుగా," అన్నాను. పిన్ని మరి రెట్టించలేదు.

కొన్నాళ్ళకి నేను పిన్ని దగ్గరికి వెళ్ళినప్పుడు, పక్కింటి కుట్టుమిషన్ ఆవిడ వచ్చింది. పిన్ని కుట్టమని ఇచ్చిన దిండు గలీబులు తెచ్చింది. ఆవిడ మిషన్ వేసుకునే గదికీ వీళ్ళ స్నానాలగదికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. పైన ఇద్దరికీ కలిపి ఒకే వెంటిలేటరు. శనివారాలు ట్యాంకు ఖాళీ అయినా ఆవిడ ఒక్కనాడూ గొడవకి రాలేదని పిన్ని మెచ్చుకుంటూ ఉండేది.

పిన్ని లోపలికి వెళ్ళాక ఆవిడ నా పక్కకి జరిగి గొంతు తగ్గించింది.

"ఏమ్మా, ఒకటడుగుతా, ఏమీ అనుకోకు. బస్సులో కారుతోందని మామగారు గొడుగు తెరిచారుగా. కండక్టరొచ్చి గొడుగుక్కూడా టిక్కెట్టు తీయమన్నాడు. తర్వాతేమైంది?"

అది బీరువాలో ఉన్న నా కథ.

"మీకెలా తెలుసు అత్తయ్యగారూ?"

"అన్నయ్యగారు చదువుతుంటే విన్నానమ్మా, ఆ శనివారం. ప్రతివారం వినేదాన్నే. ముందంతా నవ్వేసి, ఆనక నవ్వకుండా చదవడానికి మళ్ళీ మొదలెట్టేవారు. ఎంత నవ్వినా రెండోసారికో మూడోసారికో గట్టెక్కేవారు. ఆ రోజు మాత్రం ఆ టిక్కెట్టు దగ్గరికి రావడం, పగలబడి నవ్వడం, నీళ్ళు మొహాన కొట్టుకోవడం, మళ్ళీ మొదట్నుంచీ. ఎన్నిసార్లో! చివరిదాకా వెళ్ళలేకే బయటికెళ్ళిపోయారు."

ఆవిడ తప్పు చేసినదానిలా గలీబులు సర్దుతూ అంది:

"నీళ్ళచప్పుడులో సరిగా వినపడదని, శనివారం ఆ టైముకి మిషన్ ఆపేసేదాన్ని."