సక్షన్ కప్లింగులో లేని వాషరు

2023 మార్చి. నిడదవోలుకి కాస్త దూరంలో ఒక చిన్న ఊరి ఫైర్ స్టేషన్‌లో నేను డ్రైవర్ ఆపరేటర్ని. బండితోపాటు దాని పంపు నడపడం కూడా నా పనే. మాకున్నది ఒక వాటర్ టెండర్, అంటే నీళ్ల ట్యాంకున్న పెద్ద ఎర్ర బండి. దాంతోపాటు మనుషులు మోసుకెళ్లే పోర్టబుల్ పంపు ఒకటి.

ఒక మధ్యాహ్నం కాలవగట్టున తాటాకిళ్లు అంటుకున్నాయని ఫోనొచ్చింది. వెళ్లేసరికి ఒక ఇల్లు కాలిపోయింది, రెండోది మండుతోంది. ట్యాంకులో నీళ్లు కొద్ది నిమిషాలకే అయిపోతాయి. అందుకే కాలవలోకి సక్షన్ హోస్ దించాం. గాలి పీల్చేసి నీళ్లు పైకి లాగే గట్టి గొట్టం అది. పంపు ఎంత తిప్పినా నీళ్లెక్కలేదు. ఎక్కడో గాలి లాగేస్తోంది. కప్లింగు, అంటే గొట్టం పంపుకి బిగించే చోటు, విప్పి చూశాను. లోపల ఉండాల్సిన రబ్బరు వాషరు లేదు.

మేరమ్మ అనే ముసలావిడ నా పక్కనే నిలబడి, "కాలవ నిండా నీళ్లున్నాయి కదయ్యా, ఇంకా దేనికోసం చూస్తున్నారు?" అంది. ఎవరో సైకిల్ ట్యూబు కోసి ఇస్తే ఆ గాడిలో చుట్టి బిగించాను. నీళ్లొచ్చాయి గానీ అప్పటికి మూడిళ్లు పోయాయి. అందులో మేరమ్మది ఒకటి.

మర్నాడు ఉదయం చెక్ చేద్దామని కప్లింగు మళ్లీ విప్పాను. వాషరు దాని చోట్లో చక్కగా ఉంది!

ఎవరో తీశారు, ఎవరో పెట్టారు. నా అనుమానం ఫైర్‌మన్ సత్యానందం మీదకే పోయింది. డ్యూటీకి ఆలస్యంగా వస్తున్నాడని నెల క్రితం నేనే ఆఫీసరుగారికి చెప్పాను. అప్పట్నుంచీ మా మధ్య మాటల్లేవు. పైగా మంటలకి ముందు రోజు సాయంత్రం అతను టార్చి పట్టుకుని సక్షన్ హోస్ దగ్గర వంగి ఉండటం నా కళ్లారా చూశాను.

లీడింగ్ ఫైర్‌మన్ అప్పారావుగారితో చెప్పాను. స్టేషన్లో అందరికంటే పెద్దాయన, నాకు పని నేర్పినాయన.

"నన్ను ఇరికించాలనే చేశాడంటారా?"

ఆయన టీ గ్లాసు వైపే చూస్తూ, "ఎవరి మనసులో ఏముందో మనకేం తెలుసు, సూరిబాబూ" అన్నారు.

మళ్లీ ఎవరైనా తీస్తే గుర్తుపట్టేందుకు నేను వాషరు అంచున బ్లేడుతో చిన్న గాటు పెట్టాను. సత్యానందం బండి దగ్గరికొస్తే నా కళ్లు అతని చేతులమీదే ఉండేవి. పది రోజులయ్యాక పోర్టబుల్ పంపు టెస్టు చేస్తూ దాని కప్లింగు విప్పాను. లోపల నా గాటున్న వాషరు!

ఆ పంపు చూసుకునేది అప్పారావుగారు. వెళ్లి అడిగాను. "దీని వాషరు చీలిపోయిందయ్యా. కొత్తది రాలేదు. రెండిటికీ సైజొకటే కదాని అవసరమైనప్పుడు బండిది తీసి దీనికి పెడుతున్నాను. ఆ మంటల రోజు కాలేజీలో డ్రిల్లుకి ఈ పంపు పట్టుకెళ్లాను. తిరిగొచ్చాక పెట్టేద్దాంలే అనుకున్నా."

"మరి నేను సత్యానందాన్ని అనుమానిస్తుంటే ఎందుకు చెప్పలేదండీ?"

ఆ సాయంత్రమే ఆయన ఆఫీసరుగారి ముందు ఒప్పుకున్నారు. ఆయన మీద చర్య తీసుకున్నారు, కొత్త వాషర్లూ వచ్చాయి. ఆయనతో మునుపటిలా కూర్చుని టీ తాగడం మాత్రం నావల్ల కాలేదు.

నేను సత్యానందం దగ్గరికెళ్లి, "తప్పు నాది. మీమీద అనవసరంగా అనుమానపడ్డాను" అన్నాను.

"తెలుసండీ. పది రోజుల్నుంచి నా చేతులకేసే చూస్తున్నారు" అన్నాడు, ఆరేసిన గొట్టాలు చుడుతూనే. "మంటలకి ముందు వారమే వాషరు లేదని చూసి అప్పారావుగారికి చెప్పాను. పెడతానన్నారు. పెట్టారో లేదోనని మంటల ముందు రోజు సాయంత్రం టార్చి వేసి చూశాను. అప్పటికి ఉంది."

"ఒక్క మాట నాతో అనాల్సింది కదా?"

"మీరు నాతో మాట్లాడటం మానేశారు కదండీ."

ఇప్పుడు నేను వారానికోసారి బండిని కాలవ దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లు లాగించి చూశాకే రిజిస్టర్లో సంతకం పెడతాను. పంపు విషయంలో నేర్చుకున్నది అది. మనుషుల విషయంలో నేర్చుకున్నది ఇంకా కష్టమైనది. ఎవరితో ఎంత పడకపోయినా, డ్యూటీ ఎక్కగానే ముందు నేనే వెళ్లి పలకరిస్తున్నాను. ఆ నెల రోజుల్లో ఒక్కసారి సత్యానందాన్ని పలకరించి ఉంటే, మేరమ్మ ఇల్లు మిగిలేదేమో.