కాలితో నొక్కే కుళాయి

మొన్న మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కొత్త యంత్రం బిగించారు. పనివాళ్ళు దాని ముందు మొహం పెడితే చాలు, పచ్చదీపం వెలిగి గేటు తెరుచుకుంటుంది. ఆ సాయంత్రం మా సెక్రటరీ గారు వాట్సాప్ గ్రూపులో "మెషీన్‌కి కులం తెలీదు, మతం తెలీదు, దాని ముందు అందరూ సమానమే" అని రాశారు. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. ఆ యంత్రం ముందు నిలబడాల్సింది పనివాళ్ళు మాత్రమేనన్న సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు. నాకు తట్టింది. నా తెలివితేటల వల్ల కాదు, దాదాపు ఇదే మాట ఇరవై ఏళ్ళ కిందట మా మావయ్య నోట విన్నాను కాబట్టి. ఆయన మాత్రం మనస్ఫూర్తిగా అన్నాడు పాపం.

మావయ్య అంటే మా అమ్మకి అన్నయ్య. కేంద్ర ప్రభుత్వంలో ఇంజనీరు. ఢిల్లీలో ఆర్.కె. పురం క్వార్టర్సులో పాతికేళ్ళు కాపురం చేసి, రిటైరయ్యాక ఘాజియాబాద్‌లో ఒక ఎనిమిదంతస్తుల మేడలో ఆరో అంతస్తు ఫ్లాటు కొనుక్కున్నాడు. రెండువేల అయిదు ప్రాంతంలో నేను ఉద్యోగానికని వచ్చి, గది దొరికేదాకా అని వాళ్ళింట్లో దిగి, నాలుగేళ్ళు కదల్లేదు. మావయ్యకి రెండు పిచ్చులు. ఒకటి వేదాంతం, రెండు యంత్రాలు. ఆదివారం పొద్దున్న హాల్లో చాపలు పరిచి ఏడెనిమిది తెలుగు కుటుంబాలకి వేదాంతం చెప్పేవాడు. వచ్చినవాళ్ళలో సగంమంది పరమాత్మ కోసం వచ్చేవారు, సగంమంది అత్తయ్య పెసరట్ల కోసం. నేను రెండో సగం. మిగతా ఆరు రోజులూ ఇంట్లో ఏదో ఒకటి విప్పి బాగుచేస్తుండేవాడు. ఆయన చెయ్యి పడ్డాక మా మిక్సీ పచ్చడి రుబ్బడం మానేసింది గానీ, చప్పుడు బాగా తగ్గిందని ఆయన చాలా సంతోషించాడు.

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య ఉన్న తగవల్లా ఒక స్టీలు గ్లాసు గురించే. గిన్నెలు తోమి, ఇల్లు తుడిచే ఆవిడని అందరం దీదీ అనేవాళ్ళం. నలభై ఏళ్ళుంటాయేమో. మా మేడలోనే ఐదిళ్ళలో చేసేది. ఆవిడ నీళ్ళు తాగడానికి అత్తయ్య ఒక గ్లాసు విడిగా, బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన బోర్లించి ఉంచేది. మిగతా నాలుగిళ్ళలోనూ అంతే. ఆ గ్లాసు కంటపడ్డప్పుడల్లా మావయ్య మొహం మాడిపోయేది. "హాల్లో కూచుని అందరిలో ఉన్నది ఒకటే అని నేను చెప్పడమేంటి, బాల్కనీలో ఆ గ్లాసేంటి? సిగ్గుగా లేదూ?" అనేవాడు. అత్తయ్య పెసరట్టు తిరగేస్తూనే, "మీ వేదాంతం హాల్లో ఉండనివ్వండి. నా వంటింటి గడప దాటించకండి" అనేది. ఒకటి మాత్రం చెప్పాలి. అత్తయ్య ఆ గ్లాసులో నీళ్ళు పోసేటప్పుడు చిన్న బెల్లంముక్క కూడా చేతిలో పెట్టేది. దీదీ కింద, అత్తయ్య పీటమీద కూచుని, వచ్చీరాని హిందీలో మోకాళ్ళ నొప్పుల గురించి పావుగంట మాట్లాడుకునేవారు. అది మావయ్యకి కనబడేది కాదు. నాకూ అప్పుడు కనబడలేదు.

పెళ్ళాన్ని మార్చలేకపోయిన మావయ్య లోకాన్ని మార్చడానికి బయల్దేరాడు. "అమ్మడూ, రోగం ఎక్కడుందో పట్టేశానే" అన్నాడు ఒకరోజు నాతో. "మనిషికీ మనిషికీ మధ్య అడ్డం వచ్చేది ఎంగిలి. ఎంగిలి ఉండేది గ్లాసులో. గ్లాసే లేకుండా చేశామనుకో, ఇంక ఎక్కడుంటుందే ఈ అంటరానితనం? వందేళ్ళ ఉపన్యాసాలు చెయ్యలేని పని ఒక యంత్రం చేస్తుంది. దానికి కులం తెలీదు కదా!" నెల రోజులు బొమ్మలు గీశాడు. ఎవర్నీ చందా అడక్కుండా తనే పూనుకుని, కింద లిఫ్టుల దగ్గర ఒక కూలర్ పెట్టించాడు. నీళ్ళు వడగట్టి చల్లబరుస్తుంది. కింద పెడల్ కాలితో నొక్కితే పైన కుళాయిలోంచి ధార వస్తుంది. దోసిలి పట్టి తాగడమే, చెయ్యి తగలక్కర్లేదు, గ్లాసు అక్కర్లేదు. "ఈ నీళ్ళు అందరివీ" అని ఇంగ్లీషులో, హిందీలో బోర్డు నేనే కంప్యూటర్‌లో చేసిచ్చాను. మొదలుపెట్టిన రోజు మెట్లు ఊడ్చే మనిషి తాగాక, అదే ధార కింద మావయ్య దోసిలి పట్టాడు. అందరూ చప్పట్లు కొట్టి, లడ్డూలు తిని, పైకెళ్ళి వాళ్ళిళ్ళలో నీళ్ళు తాగారు.

ఆ వారమే మావయ్య ఇంటికొచ్చి, "ఇంక ఆ గ్లాసు అక్కర్లేదు కదా?" అన్నాడు భయంభయంగా. ఏళ్ళ తరబడి పోట్లాడిన అత్తయ్య, "ఠీక్ హై, తీసేద్దాం లెండి" అనేసింది. అంత తేలిగ్గా ఒప్పుకుందంటే ఏదో ఉందని నేనైనా అనుకోవలసింది. ఆయనైతే పొంగిపోయాడు. నెల తిరిగేసరికి మా మేడలో ఒక్క ఇంట్లో కూడా విడిగ్లాసు లేదని తెలిసి, ఆదివారం సభలో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గ్లాసుతోపాటు నీళ్ళూ పోయాయని ఆయనకి తెలియదు. ఎవరింట్లో అడిగినా "కింద మెషీన్ ఉందిగా!" అన్నదే మాట. తరవాత మా మేడ కమిటీవాళ్ళు ఒక కాగితం కూడా అంటించారు. శుభ్రత దృష్ట్యా పనివాళ్ళు కింద కూలర్ దగ్గరే నీళ్ళు తాగాలి, ఫ్లాట్లలో అడగరాదు, అడిగితే గేటు పాసు రద్దు. పనివాళ్ళ లిఫ్టు నెలలో ఇరవై రోజులు పనిచెయ్యదు. రెండో లిఫ్టు వాళ్ళు ఎక్కకూడదు.

మే నెల చివర ఒక ఆదివారం. బయట వడగాడ్పు, లోపల కరెంటు లేదు. హాలునిండా మనుషులు. మావయ్య గొంతు పెంచి చెబుతున్నాడు. వంటింట్లో దబ్బున చప్పుడైంది. దీదీ సింకు పక్కన పడిపోయి ఉంది. అందరికంటే ముందు అత్తయ్యే వెళ్ళింది. మడిచీరతో నేలమీద చతికిలబడి, దీదీ తల ఒళ్ళో పెట్టుకుని, "అయ్యో తల్లీ, కళ్ళు తెరవవే" అని తెలుగులోనే ఏడుస్తూ, చేతికందిన గ్లాసుతో నీళ్ళు పోసింది. సభకి వచ్చిన డాక్టరుగారు నాడి చూసి, పొద్దుట్నుంచి చుక్క నీళ్ళు తాగినట్టు లేదన్నారు. తేరుకున్నాక దీదీ చెప్పింది. దాహం వేసినప్పుడల్లా ఆరంతస్తులు దిగి ఎక్కితే పని తెమలదని, మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరేదాకా తాగడమే మానేసిందట. రెండు నెలలై అంతేనట. "మా ఇంట్లో అడగొచ్చు కదమ్మా?" అన్నాడు మావయ్య హిందీలో. దీదీ ఒక్కసారి నావైపు చూసి తల దించుకుంది.

మర్నాడే ఆయన కమిటీ ముందుకెళ్ళాడు. తోడుగా నేనూ వెళ్ళాను. కూలర్ తీసేయండి, లేదా ఆ కాగితమైనా చింపేయండి అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఎగతాళిగా కాదు, గౌరవంగానే. "అంకుల్, యే తో ఆప్‌కా హీ ఐడియా హై!" అన్నాడు ప్రెసిడెంటు, ఇది మీ ఆలోచనే కదా అని. ఏదో పెద్ద కంపెనీలో పనిచేసే ఒక సభ్యుడు ఓపిగ్గా నచ్చజెప్పాడు. "మునుపు విడిగ్లాసు పెట్టేవాళ్ళం, అది తప్పని మీరే చెప్పారు, మానేశాం. ఇప్పుడు ఎవరికీ ఏ తేడా లేదు. ఇంకేం కావాలి అంకుల్?" వాళ్ళు టీ ఇచ్చారు. తాగకుండా వచ్చేశాం.

వారానికి దీదీ మళ్ళీ పనిలోకొచ్చింది. మావయ్య తనే ఫ్రిజ్ తెరిచి, మేం తాగే గాజుగ్లాసు నిండా నీళ్ళు పోసి, రెండు చేతులా పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాడు. దీదీ రెండడుగులు వెనక్కి వేసింది. "నహీ బాబూజీ, నీచే పీ లూంగీ" అంది, కిందే తాగుతానని. ఎవరైనా చూస్తే పాసు పోతుందట, పాసు పోతే ఐదిళ్ళూ పోతాయట. ఎవరూ చూడరు, తాగు తల్లీ అని బతిమాలాడు. అప్పుడావిడ మెల్లిగా, నిష్ఠూరం లేకుండా అంది. "పహలే మేరా గిలాస్ థా, బాబూజీ. ఇదివరకు ఐదిళ్ళలో ఐదు గ్లాసులుండేవి, నావి. ఏ ఇంటికి వెళ్ళినా నీళ్ళున్నాయని ధైర్యంగా ఉండేది." చీపురు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆయన ఆ నీళ్ళు తులసికోటలో పోశాడు.

ఆదివారం సభలు ఆగిపోయాయి. అడిగినవాళ్ళకి గొంతు బాగాలేదని చెప్పేవాడు. గొంతుకి ఏమీ కాలేదు. సాయంత్రాలు కిందకి దిగి ఆ కూలర్ దగ్గర నిలబడేవాడు, పెడల్ నొక్కి దోసిలి పట్టేవాడు. ఫ్లాట్లవాళ్ళలో ఆ నీళ్ళు తాగింది ఆయనొక్కడే. ఆ ఏడాది చివర దీదీ పని మానేసింది. కిడ్నీలో రాళ్ళని ఎవరో అన్నారు, ఊరెళ్ళిపోయిందని ఇంకెవరో అన్నారు. ఎక్కడుందో మావయ్య నెలల తరబడి వాకబు చేశాడు, తెలియలేదు. "మంచి చెయ్యబోయి ఆవిడ నోటిదగ్గర నీళ్ళు తీసేశానే అమ్మడూ" అని, పోయేముందు కూడా అదే మాట అన్నాడు.

నేనాయనకి చెప్పవలసిన సంగతి ఒకటుంది. దీదీ పడిపోయిన ఆ ఆదివారం పొద్దున్న నీళ్ళు అడిగింది. నన్నే అడిగింది. రెండు చేతుల్లో పెసరట్ల పళ్ళేలతో హాల్లోకి పరిగెడుతున్న నేను, వెనక్కి తిరక్కుండానే "కింద మెషీన్ ఉందిగా దీదీ!" అన్నాను. ఆ సంగతి చెబితే ఆయన భారం సగం తగ్గేదేమో. చెప్పలేదు. ఇలాంటివి కాలం గడిచేకొద్దీ చిన్నవైపోతాయంటారు. ఇరవై ఏళ్ళు చూశాను, అవడం లేదు.