చిన్నరాయి కూడా ఆగదు

మా నాయన బావులు తవ్వేవాడు. ఆత్మకూరు తట్టు అంతా రాతినేల. పది నిలువుల లోతు పోయినా చెమ్మ తగలని బావులు ఉండేవి. నాయన అడుగున రాయి కొట్టి గంపకెత్తితే అమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మోకుతో పైకి లాగేవాళ్లు. బడి లేనప్పుడు ఒడ్డున కాపలా నాది. గంపలోంచి ఏది జారినా "రాయి" అని అరవాలి. ఆ మాట వినగానే లోపలివాళ్లు తల ఎత్తకుండా గోడకు అతుక్కుంటారు. గచ్చకాయంత రాయి జారినా, గుమ్మడికాయంతది జారినా, అది అడుగు చేరేలోపల నాకు దొరికే సమయం ఒక్కటే. ఈ సంగతి నాకు పదేళ్లకే తెలుసు.

పెద్ద బడిలో అయ్యవారు మాత్రం, పదింతల బరువున్న రాయి పదింతలు తొందరగా పడుతుందని నల్లబల్ల మీద రాశారు. అందరిచేతా పైకి చెప్పించారు. తరగతిలో ఒక్కదాన్నే ఆడపిల్లను, నేను నోరు విప్పలేదు. ఎందుకని అడిగితే లేచి చెప్పాను.

"చిన్నరాయి నిదానంగా వస్తాదని నేను ఊరకుంటే, కింద ఉండేది మా నాయన, అయ్యవారూ."

పిల్లలు నవ్వారు. ఆయనకు ఒళ్లు మండింది. తను రాసింది ఒప్పుకునేదాకా గడప బయట నిలబడమన్నారు, లేదా బడి మానుకోమన్నారు. మానితే నా బతుకంతా ఆ గంపకే. భయం వేసింది, ఏడుపూ వచ్చింది. అయినా ఒప్పుకోలేదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నేనేమో నాలుగో కాలు కళ్లారా చూసినదాన్ని. మూడు రోజులు ఎండలో నిలబడ్డాను.

నాలుగో రోజు నాయన బడికి వచ్చాడు. గొడవ పడలేదు. ఆదివారం ఒకసారి బావి దగ్గరికి రమ్మని అడిగాడు. అయ్యవారు వచ్చారు, అది ఆయన మంచితనమే. లోపల ఎవరూ లేరు. ఒక చేత కొబ్బరికాయంత రాయి, ఇంకో చేత నిమ్మకాయంత రాయి పట్టుకుని ఆయనే రెండూ ఒకేసారి వదిలారు. ఒక్క చప్పుడే వినబడింది. నమ్మలేక ఐదారుసార్లు వదిలారు.

పెద్దరాయిని భూమి గట్టిగానే లాగుతుంది, కానీ దాన్ని కదిలించడమూ అంతే కష్టం, అందుకే రెండూ సరిసమానంగా పడతాయి. ఈ లెక్క తర్వాత కర్నూలు కాలేజీలో చదువుకున్నాను. బరువు మోసే చేతికే తెలుస్తుంది, పడే రాయికి తెలియదు.

సోమవారం అయ్యవారు నా వంక చూడకుండానే లోపలికి వచ్చి కూర్చోమన్నారు. నేను కదల్లేదు.

"ముందు వీళ్లకు చెప్పండి అయ్యవారూ. రేపు వీళ్లల్లో ఎవురో ఒకరు బాయి ఒడ్డున ఉంటారు."

ఆయన ముఖం ఎర్రబడింది. నా మాటే నిజమని అందరికీ వినబడేలా చెప్పారు. నేను అప్పుడు గడప దాటాను.