నాన్న ఫోనుకొచ్చిన ఓటీపీ

ఇంటర్లో హెచ్ఈసీ తీసుకున్నానంటే మా ఊళ్లో జనం ముందు జాలిపడతారు, తర్వాత సలహా ఇస్తారు. "ఏటమ్మా, ఎంపీసీ సీటు దొరకలేదేటి?" అని ఎదురింటి మావ రెండేళ్లూ అడిగాడు. దొరక్క కాదు, నేనే వద్దన్నానని చెప్పిన ప్రతిసారీ, పాపం దాస్తోంది అన్నట్టు తలూపేవాడు. నాకు ఒళ్లు మండేది.

లెక్కలంటే నాకు భయం. అందులో దాచడానికేం లేదు. బోర్డు మీద లెక్క వేస్తే తలొంచుకుని పక్కపిల్ల పుస్తకంలో చూసి రాసుకునేదాన్ని. సైన్సు బట్టీ కొట్టి గట్టెక్కాను. చరిత్ర మాత్రం వేరు. శిస్తు కట్టలేక ఒక ఊరు ఊరంతా ఖాళీ అయిపోయిందని పుస్తకంలో ఒక్క ముక్క ఉంటే చాలు, ముందు ఏ ఇల్లు బయల్దేరి ఉంటుంది, పశువుల్ని ఏం చేసుంటారు అని అన్నం తింటూ కూడా ఆలోచించేదాన్ని. డిగ్రీలో అదే చదవాలనుకున్నాను.

డిగ్రీకి ఇప్పుడు మునుపటిలా మూడు సబ్జెక్టులు కాదు, ముఖ్యంగా చదివే మేజర్ ఒక్కటే. ఏ కాలేజీ, ఏ మేజర్ కావాలో ఆన్‌లైన్‌లో వరసగా పెట్టుకోవాలి. రాజాం వెళ్లి నెట్ సెంటర్లో పెట్టించాను. మొదట శ్రీకాకుళంలో హిస్టరీ, రెండోది విజయనగరంలో హిస్టరీ. స్కూలు రోజుల నుంచీ నా కాగితాలన్నిటికీ నాన్న నంబరే ఇచ్చాం కాబట్టి ఓటీపీ ఆయన ఫోనుకి వెళ్లింది. నేను ఫోన్ చేస్తే చదివి చెప్పాడు. పనైపోయిందనుకున్నాను.

సీట్లు ప్రకటించిన రోజు చూస్తే నాకు వచ్చింది నేనెన్నడూ వినని ఓ ప్రైవేటు కాలేజీలో బీసీఏ. కంప్యూటర్ల డిగ్రీ. మొదటి ఏడే లెక్కలు, ఆపైన స్టాటిస్టిక్స్.

"నీ ఆప్షన్లు మార్సేసినారు పాపా," అన్నాడు నెట్ సెంటర్ అన్న. "ఓటీపీ లేకండా మారవు. మీ ఇంట్లోనే ఎవులో సెప్పుంటారు."

ఇంటర్ ఫలితాలు వచ్చీ రాగానే ప్రైవేటు కాలేజీల లెక్చరర్లు మా వైపు ఊళ్లు పట్టుకుని తిరుగుతారు. తలా ఇంతమందిని చేర్పించకపోతే వాళ్ల ఉద్యోగాలు ఉండవట. వాళ్లలో ఒకాయన పొలంలో మా వరి ఆకుమడి దగ్గరికే వచ్చి, గట్టు మీద గొంతుక్కూర్చుని నాన్నతో గంటసేపు మాట్లాడి, ఓటీపీ చెప్పించుకుని పోయాడు. ఇంటికెళ్లి అడిగితే తెలిసింది.

"మోసపోయినావు నాన్నా!" అని అరిచాను.

"మోసమేటి? తెలిసే సెప్పినాను," అన్నాడు నాన్న. "కంప్యూటరు సదివితే ఎక్కడో ఓ కుర్సీ దొరుకుతాది. నీ హిస్టరీ సదివితే ఏటొస్తాది?"

"అందులో లెక్కలున్నాయి. నాను పరీక్ష తప్పిపోతాను."

"నేర్సుకుంటావు. పుడతానే ఎవులికొచ్చు?"

ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయను. నాన్న చెప్పులేసుకుని పొలానికి వెళ్లిపోయాడు. తిరిగి అరిచినా బాగుండేది.

రెండో విడత కౌన్సెలింగ్ ఉందని తెలిసి మళ్లీ రాజాం పరిగెత్తాను. అప్పటికే ఆఖరి రోజు. నంబరు మార్చుకోవాలంటే ఇంకో చోట దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి వ్యవధి లేదు. అంటే మళ్లీ నాన్న ఫోనే దిక్కు. సెంటర్ అన్న మీట నొక్కాడు. నేను ఫోన్ చేశాను.

"వచ్చినాదా నాన్నా?"

"వచ్చినాది."

"సెప్పు మరి."

"సెప్తాను. ముందు నువ్వొక మాట సెప్పు. ఆ సదువు సదివి ఏటి సేస్తావు?"

ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఆయనకొక మాట కావాలి. నా వెనక పిల్లలు వరసకట్టి విసుక్కుంటున్నారు. సెంటర్ అన్న తెర మీద తరిగిపోతున్న సెకన్లు చూపిస్తున్నాడు. నాకిష్టం నాన్నా, అనాలి. నోటిదాకా వచ్చింది. కానీ మా ఇంట్లో ఇష్టం అనే మాట కూర గురించి అంటారు, చీర రంగు గురించి అంటారు. చదువు గురించి ఎవరూ అనగా నేను వినలేదు. సిగ్గేసింది.

"గ్రూప్స్ రాస్తాను," అన్నాను. "హిస్టరీ సదివినోళ్లకే ఆ ఉద్యోగాలొస్తాయి. తాసీల్దారునవుతాను."

"అలాగని ముందే సెప్పొచ్చు కదే!" అని ఆరంకెలూ గడగడా చదివేశాడు.

శ్రీకాకుళంలో హిస్టరీ సీటు వచ్చింది. ఇప్పుడు రెండో ఏడు చదువుతున్నాను. నేను సెలవులకి వెళ్తే నాన్న టీవీ కట్టేస్తాడు, అమ్మని నాకు పని చెప్పనివ్వడు. మా గుంట తాసీల్దారు సదువు సదువుతన్నాదని పాలకేంద్రం దగ్గర కూడా చెబుతాడట. నాకు కోపం వస్తుంది. ఆయన మీద కాదు, నా మీద. కావాల్సిన చదువు చదువుతూ కూడా దొంగలా చదువుతున్నాను.

మొన్న వెళ్లినప్పుడు సంచిలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. రాజాంలో షాపువాడిని గ్రూప్స్‌కి ఏం కావాలని అడిగి మరీ తెచ్చాడట. అర్థమెటిక్. ఆ పరీక్షలో లెక్కలు కూడా ఉంటాయని నాకంటే ముందు ఆయనే తెలుసుకున్నాడు.

"ఓ లెక్క సేసి సూపించు," అని ఎదురుగా కూర్చున్నాడు.

గ్రూప్స్ మాట అబద్ధమని చెప్పేద్దామనుకున్నాను. ఆయన ముఖం చూసి పెన్ను తీశాను. మొదటి లెక్క పేజీ నిండా చేశాను. పుస్తకం వెనకున్న జవాబుతో సరిచూసుకుంటే తప్పు. నాన్న ఆ పేజీనంతా ఓపిగ్గా పైనుంచి కిందదాకా చూసి, "బాగా సేసినావమ్మా," అన్నాడు.