సీలింగుకి గాలేసిన ఫ్యాను

ఫిజిక్స్‌లో డిగ్రీ చదివి, కొత్తవలసలో ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా చేరిన నేను ఈరోజు మొదటిసారి ఒక్కడినే సీలింగ్ ఫ్యాను బిగించాను. అది సరిగ్గా తిరిగితే నా శిక్షణ పుస్తకంలో సంతకం పెడతానన్నాడు మా మేస్త్రి.

స్విచ్ వేశాను. ఫ్యాను గిర్రున తిరిగింది. నేను ఛాతీ విరుచుకున్నాను. ఆ ఇంటి మామ్మ మాత్రం ఫ్యాను కిందే కూర్చుని విసనకర్ర ఊపుకుంటూనే ఉంది.

“ఏటి మామ్మా, గాలి సాల్లేదా?” అన్నాడు మేస్త్రి.

“గాలికేటి నాయినా, బోల్డున్నాది. అంతా పైకెలిపోతన్నాది. నీ సిస్యుడు సీలింగుకి ఇసురుతన్నాడు.”

కెపాసిటర్ దగ్గర వైర్లు తారుమారుగా కలిపాను, ఫ్యాను వెనక్కి తిరుగుతోంది. మేస్త్రి సంతకం పెట్టకుండానే పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. నేను వైర్లు మార్చాను. రెండు నిమిషాల్లో మామ్మ గురక మొదలైంది.

ఆ గురకను సంతకం కింద జమకట్టవచ్చా, లేదా? పెద్దలు మీరే తీర్పు చెప్పండి.