ఇరవై రకాల ఆముదం

ఆ రోజుల్లో పుస్తకంలో చదివిందేదైనా ఇంట్లో పనికొస్తుందని నమ్మేవాణ్ణి. పర్లాకిమిడి కాలేజీలో కెమిస్ట్రీ చదువుతూ సెలవులకి రాయగడ వచ్చేసరికి, మా అప్ప (అక్కని మా వైపు అలాగే పిలుస్తాం) పుట్టింట్లో ఉంది. తొలిచూలు బిడ్డ ఏడాదైనా నిండకుండా జ్వరంతో పోయాడు. అప్పటినుంచి ఆమెకి తిండి సయించడం లేదు. అమ్మ బతిమాలేది. నాన్న మధ్యాహ్నం పూట కొట్టు మూసి వచ్చి పక్కన కూచునేవాడు. రెండు మెతుకులు కతికి కంచం తోసేసేది. ఇలాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు నాన్నతో చెప్పాడు.

అందరూ ఓడిపోయినచోట సైన్సు గెలుస్తుందనుకుని నేను ఆమె మంచం పక్కన పీట వేసుకున్నాను. "మన ఒంట్లో కండంతా ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో తయారైంది అప్పా. వాటిలో కొన్నింటిని ఒళ్ళు సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అన్నంలో తక్కువైంది పప్పులో ఉంటుంది..." అంటూ ఉపన్యాసం దంచాను. అప్ప గోడవైపు తిరిగి పడుకుంది. శ్రద్ధగా విన్నది మామ్మ ఒక్కతే. ఆవిడకి చెవుడు కొంచెం, నా మీద నమ్మకం చాలా (ఆ రెండూ కలవకూడదు). లేచి వంటింట్లోకి వెళ్ళి, కాసేపటికి వెచ్చచేసిన ఆముదం పట్టుకొచ్చింది.

"ఇదేటి మామ్మా?" అన్నాను.

"నువ్వే కదరా సెప్పేవు, ఒళ్ళంతా ఆముదమేనని. ఇరవై రకాలు మనింట్లో ఎక్కడివి? ఉన్నదొక్కటే తెచ్చేను. తాగీ అమ్మీ."

నవ్వబోయి ఆగిపోయాను. మామ్మ చేతికందిన గిన్నె తెచ్చింది. అది పిల్లాడి ఉగ్గుగిన్నె. గుమ్మంలో అమ్మ అలాగే నిలబడిపోయింది. అప్ప లేచి కూచుని ఆ గిన్నెకేసి చూసింది. ఏడుస్తుందనుకున్నాం.

"లోకంలో ఆ ఆమ్లాలు ఇరవయ్యేనేట్రా?" అని నన్నడిగింది.

"కాదప్పా, ఇంకా చాలా ఉన్నాయి. ప్రాణం ఈ ఇరవయ్యే తీసుకుంది."

"ఇవే ఎందుకు?"

"తెలీదు. మొదట దొరికినవి ఇవేనేమో. ఒకసారి వీటితో అల్లుకున్నాక మార్చుకోడానికి కుదరలేదేమో."

"మరి నాకు మొదట దొరికినోడు ఉండిపోలేదేటి?"

అది నా పుస్తకంలో లేదు. ఆమె మామ్మ చేతిలో గిన్నె తీసుకుని నాకందించింది. "సదువుకున్నోడివి, ముందు నువ్వు తాగు. అప్పుడు తింతాను."

తాగాను. అప్ప మాట తప్పలేదు, పప్పన్నం కంచం ఖాళీ చేసింది. నేను పెరట్లోంచి తిరిగొచ్చినప్పుడల్లా, "ఇది ఎన్నో రకంరా?" అని అడిగింది. మామ్మకి సంగతి అర్థంకాకపోయినా నవ్వింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలీలేదు.

ఆ ఒక్క కంచమే. మర్నాటినుంచి మళ్ళీ మామూలే. ఆ చలికాలం ఆమె దాటలేదు. తరవాత ఆ ప్రశ్న గురించి దొరికిందల్లా చదివాను. ఇవి ఒకదానికొకటి బాగా ఇమిడాయంటారు, తేలిగ్గా దొరికాయంటారు, వట్టి కాకతాళీయమంటారు. ఏదీ తేలలేదు. తేలినా చెప్పడానికి అప్ప లేదు. ఈ వయసులో ఏడుపు కూడా సరిగ్గా రాదు. కానీ పెరటి గోడకి చెయ్యానించి, కడుపు పట్టుకుని, అప్పని బతికించేశానని సంబరపడుతున్న ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది.