నాయనకు చెప్పిన బొమ్మలు

ఆత్మకూరు బళ్లో నేను డ్రాయింగ్ టీచర్ని. మా నాయన ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపేవాడు. రెండేళ్ల కిందట ఆయన చూపు మందగించింది. నెల్లూరులో చూపించాం, లాభం లేక చెన్నైకి తీసుకెళ్లాను. కంటి నరం దెబ్బతిన్నది, ఇక చూపు రాదని డాక్టరు నాతో ఇంగ్లీషులో చెప్పాడు. నాయన అడిగితే, "మందులు రాసిచ్చినారు నాయనా" అన్నాను.

బస్సుకు చాలా టైముంది. చెన్నైలోనే రెండు మ్యూజియాల్లో ఈ కాలపు చిత్రకారుడొకాయన బొమ్మలున్నాయి. అన్నీ మామూలు మనుషుల ముఖాలే. కాలేజీ రోజుల నుంచీ వాటిని పుస్తకాల్లోనే చూశాను. నాయనను ఆటో ఎక్కించాను. చూపు పోతున్న మనిషిని బొమ్మల దగ్గరికి తీసుకెళ్తున్నానని తోచలేదు. తోచినా ఆగేదాన్ని కాదేమో.

మొదటిచోట ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. రెండోచోట నా చెయ్యి పట్టుకుని నడిచాడు. ఒక ముసలామె బొమ్మ ముందు ఆగిపోయాను. దగ్గరికెళ్తే ఆకుపచ్చ, ఊదా మరకలు. నాలుగడుగులు వెనక్కొస్తే బతికున్న చర్మం.

"ఏందమ్మా, నిలబడిపోయినావు? ఎవరుండారాడ?"

"ఒక అవ్వ, నాయనా. పళ్లు లేవు. ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టుండాది."

"నా గొర్రెల్లో ఒక్కోదానికి ఒక్కో మొగం. ఏ పిల్ల ఏ తల్లిదో మొగం చూసి చెప్పేవాణ్ణి," అన్నాడు. తర్వాత మెల్లగా, "చూపు రాదంట గదా? డాక్టరు గొంతులోనే తెలిసిపోయింది. నువ్వు చెప్తావేమోనని చూస్తా ఉండా."

"రాదంట నాయనా."

"నన్నెప్పుడన్నా గీసినావా?"

గీయలేదు. బడి గోడల నిండా నాయకుల బొమ్మలు గీశాను.

ఊరికొచ్చాక ఆదివారాలు ఆయన్ని వసారాలో కూర్చోబెట్టి గీశాను. తలగుడ్డ, ముక్కు, నుదుటి ముడతలు కుదిరాయి. కళ్లు రాలేదు. చూస్తున్నట్టు గీస్తే అబద్ధం. ఉన్నవి ఉన్నట్టు గీయలేక ఆ చోటు ఖాళీగా వదిలేశాను.

"అయిందా?"

"అయింది నాయనా."

"ఏదీ, ఇట్టియ్యి."

ఇచ్చాను. అంచులు తడిమి ఒళ్లో పెట్టుకున్నాడు. చెరిగిపోతుందని వేళ్లు పైకెత్తి ఉంచాడు. "ఎట్టుండాను?"

"నీ మాదిరే ఉండావు."

తలూపాడు.

గొర్రెల్ని ఆ నెలలోనే అమ్మేశాం. ఇప్పుడు బళ్లో ముఖాలు గీయించే పాఠం వస్తే, పిల్లల్ని పూలు గీయమంటున్నాను.